ఓడినవాళ్ల పక్కన కూర్చుని రేసు చూడాలంటే: ఔదెనార్దెలో ఒక కెఫె

సైకిల్ రేసు టీవీలో చూడటానికి బెల్జియంలోని గెంట్‌లో చోట్లకు కొదవ లేదు. మా ఇంటి దగ్గరి స్పోర్ట్స్ బార్‌లో గోడకో తెర ఉంటుంది, అడిగితే ఇంగ్లిష్ కామెంటరీ పెడతారు, కుర్చీలు కూడా మెత్తగా ఉంటాయి. అయినా ఏప్రిల్ వచ్చిందంటే నేను రైలెక్కి అరగంట ప్రయాణం చేసి ఔదెనార్దెలో దిగుతాను. అక్కడ ఒక పాత కెఫె ఉంది. టీవీ ఒక్కటే, దానికి అడ్డంగా ఒక స్తంభం. కామెంటరీ ఇక్కడివాళ్ల భాష ఫ్లెమిష్‌లోనే వస్తుంది, మార్చమని అడిగే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ కలగలేదు. ఈ రివ్యూ ఆ కెఫె గురించి.

పేరు రాయడం లేదు. "నెట్‌లో పెట్టకమ్మాయ్, రేసు రోజుల్లో ఇప్పటికే నా వల్ల కావడం లేదు" అని యజమానురాలే చెప్పింది. టౌన్ హాల్ నుంచి నది వైపు నడుస్తూ, గుమ్మం మీద పసుపు జెండా, అందులో నల్ల సింహం, కిటికీలో ఎండకు వెలిసిపోయిన సైక్లింగ్ జెర్సీ ఉన్న చోటు కోసం చూడండి. అలాంటివి రెండు మూడు కనిపిస్తాయి. కుర్చీలు అన్నిటికంటే పాతవి ఏ కెఫెలో ఉంటే అదే.

ఇక్కడికి వెళ్లాల్సింది తిండి కోసం కాదు, బీరు కోసం కూడా కాదు. మాటల కోసం. 2025 వసంతంలో ఆ మాటలన్నీ ఒక్క మనిషి చుట్టూనే తిరిగాయి: నెదర్లాండ్స్ రైడర్ మాత్యూ వాన్ డెర్ పూల్. ఒక్కరోజు రేసుల్లో ఇతన్ని ఓడించడం ఎలా, అసలు ఓడించాలా, ఓడించే ఆ ఒక్కడు, అంటే స్లొవేనియా రైడర్ తాదేయ్ పొగాచర్, ఇతనికంటే గొప్పవాడా? వీటి మీద తెల్లారేదాకా మాట్లాడగల జనం ఇక్కడ ఉన్నారు. తమాషా ఏమిటంటే, వాళ్లలో సగం మందికి వాన్ డెర్ పూల్ గెలవడం ఇష్టం లేదు.

సైక్లింగ్ అంటే జులైలో వచ్చే టూర్ దె ఫ్రాన్స్ ఒక్కటే తెలిసినవాళ్ల కోసం కొంచెం చెప్తాను. టూర్ మూడు వారాలు సాగుతుంది. ఒకరోజు నీరసపడ్డా మర్నాడు సర్దుకోవచ్చు. ఒక్కరోజు రేసుకు ఆ సౌలభ్యం లేదు. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తేలిపోవాలి. వీటిలో అయిదింటిని మాన్యుమెంట్లు అంటారు: మార్చిలో మిలాన్-సాన్ రెమో, ఏప్రిల్‌లో ఈ ఊళ్లోనే ముగిసే టూర్ ఆఫ్ ఫ్లాండర్స్, వారం తర్వాత పారిస్-రూబే, నెలాఖరున లియేజ్-బాస్తోన్-లియేజ్, అక్టోబర్‌లో లొంబార్దియా. ఇక్కడివాళ్లు ఫ్లాండర్స్ రేసును రొండె అంటారు. నేనూ అలాగే రాస్తాను.

వాన్ డెర్ పూల్ రొండె మూడుసార్లు గెలిచాడు: 2020, 2022, 2024. మూడుకు మించి ఇంతవరకూ ఎవరూ గెలవలేదు. రూబే వరసగా 2023, 2024, 2025. సాన్ రెమో 2023, 2025. 2023లో గ్లాస్గోలో ప్రపంచ చాంపియన్. చలికాలంలో బురదలో జరిగే సైక్లోక్రాస్‌లో 2025 నాటికి ఏడు ప్రపంచ టైటిళ్లు. లెక్క ఇక్కడితో ఆపేస్తాను. కెఫెలో ఎవరినైనా అడిగితే మిగతాది చెప్తారు, మీరు అడక్కపోయినా చెప్తారు.

ఇక స్థలం సంగతి. లోపల పన్నెండు బల్లలు. గోడల మీద నలుపు తెలుపు ఫొటోలు, కొన్నిటి మీద సంతకాలు. టీవీ బార్ కౌంటర్‌కి ఎడమ పక్కన, కాస్త ఎత్తులో. కిటికీ పక్క బల్లలు చూడటానికి బాగుంటాయి గానీ మధ్యాహ్నం ఎండ తెర మీద పడి ఏమీ కనపడదు. స్తంభం వెనక కూర్చుంటే సగం రేసు చెవులతోనే చూడాలి. మంచి చోటు కౌంటర్ చివర, కాఫీ మెషీన్ పక్కన. కానీ అక్కడ ఒక పెద్దాయన కూర్చుంటాడు. ఆ కుర్చీ ఆయనది కాదని ఎవరూ అనరు, ఆయనదేనని ఎక్కడా రాసీ లేదు.

ఆయన బట్టల మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. రేసు మొదలవగానే గ్లాసు కింద పెట్టే బీరు అట్ట ఒకటి తీసుకుని, వెనకవైపు చిన్న పెన్సిల్‌తో పది పన్నెండు పేర్లు రాస్తారు. వాళ్లలో ఎవరు వెనకబడితే వాళ్ల పేరు కొట్టేస్తారు. టీవీవాళ్లు చెప్పేదాకా ఆగరు. గుంపు ఇంకా కలిసే ఉన్నప్పుడే ఒక్కోసారి ఒక పేరు మీద గీత పడుతుంది, అయిదు నిమిషాలకు ఆ మనిషి నిజంగానే తోక దగ్గర తేలతాడు. ఎలా తెలిసిందని అడిగితే, "కాళ్లు చూడకు, భుజాలు చూడు" అన్నారు. భుజాలు అటూ ఇటూ ఊగడం మొదలైతే కాళ్లలో పస అయిపోయినట్టేనట. ఇంకో మాట కూడా చెప్పారు: రాళ్లబాట మీద మనిషి ఎక్కడ తొక్కుతున్నాడో చూడాలి. బాట నడుమ ఉబ్బెత్తుగా ఉండే గట్టు మీద వెళ్తున్నాడంటే తోవ తానే ఎంచుకుంటున్నాడు. ముందువాడి వెనక చక్రానికి అతుక్కుని ఎటు లాగితే అటు పోతున్నాడంటే వాడి పని అయిపోవచ్చింది. ఆ తర్వాత ఏ రేసు చూసినా నా కళ్లు అక్కడికే పోతున్నాయి. కాఫీకి మూడు యూరోలు ఇచ్చి ఇది నేర్చుకున్నాను, గిట్టుబాటే.

ఈ కెఫె వాన్ డెర్ పూల్ అభిమానుల అడ్డా కాదు. ఇక్కడ ప్రతి పెద్ద రైడర్‌కీ ఒక సపోర్టర్స్ క్లబ్ ఉంటుంది, దానికొక కెఫె ఉంటుంది. మన ఊళ్లలో హీరోల అభిమాన సంఘాలకు ఒక టీ కొట్టు, ఒక ఫ్లెక్సీ ఉన్నట్టే. ఈ కెఫె ఏ క్లబ్‌దీ కాదు. గోడమీద వాన్ డెర్ పూల్ ఫొటో ఒక్కటీ లేదు, కానీ వాళ్ల నాన్నది ఉంది. ఆద్రీ వాన్ డెర్ పూల్, 1986 రొండె విజేత. ఐర్లండ్ రైడర్ షాన్ కెలీని స్ప్రింట్‌లో ఓడించి గెలిచాడు. నిటారుగా ఉండే పాటర్‌బెర్గ్ గుట్టను రేసులో మొదటిసారి పెట్టిందీ ఆ ఏడాదే. పొడవు 360 మీటర్లే, కానీ ఒకచోట వాలు 20 శాతం దాటుతుంది. మాత్యూకి తల్లి తరఫు తాత ఫ్రాన్స్‌లో పేరుమోసిన రేమాన్ పూలిడోర్. ఎనిమిదిసార్లు టూర్ పోడియం ఎక్కి, టూర్‌లో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీని ఒక్కరోజు కూడా వేసుకోలేకపోయిన మనిషి. తాత పోయాక, 2021లో మనవడు తన మొదటి టూర్ రెండో రోజునే ఆ జెర్సీ సంపాదించి ఆకాశం వైపు వేలు చూపించాడు. ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం కెఫెలో అతనంటే పడనివాళ్లు కూడా అతని వైపే మాట్లాడతారు.

పడకపోవడానికి కారణం లేకపోలేదు. మనిషి పుట్టింది బెల్జియంలోనే, ఆంట్వెర్ప్ దగ్గరి కాపెలెన్‌లో. రేసు మాత్రం నెదర్లాండ్స్ తరఫున. ఫ్లెమిష్ మాట్లాడే ఈ ఫ్లాండర్స్ ప్రాంతపు మగవాళ్లెవరూ 2012లో టామ్ బూనెన్ తర్వాత రొండె గెలవలేదు. 2017లో ఫిలిప్ జిల్బెర్ గెలిచాడు గానీ ఆయన ఫ్రెంచ్ మాట్లాడే వలూన్ వైపు మనిషి. కాబట్టి ఈ గోడల మధ్య ఆశలన్నీ ఫ్లెమిష్ రైడర్ వాట్ వాన్ ఆర్ట్ మీద. అతనికేమో చేతికందింది నోటికి అందదు. 2020 రొండెలో ఫినిష్ గీత దగ్గర వాన్ డెర్ పూల్ చేతిలో చక్రం వాసి తేడాతో ఓడాడు. 2025లో రొండెకి నాలుగు రోజుల ముందు, పక్కూరు వారెహెమ్‌లో ముగిసే రేసులో వాన్ ఆర్ట్ జట్టువాళ్లు ముగ్గురు, ఎదుట ఒక్కడు. ఆ ఒక్కడు, అమెరికన్ నీల్సన్ పౌలెస్, ముగ్గురినీ దాటి గెలిచాడు. ఆ రేసు గురించి ఈ కెఫెలో ఎత్తకండి. బిల్లు రావడం ఆలస్యమవుతుంది.

రొండె రోజు ఇక్కడికి వెళ్లొద్దు. ఇది నా ఖచ్చితమైన సలహా. ఫినిష్ ఊళ్లోనే ఉంటుంది కాబట్టి దారులు మూసేస్తారు, గుమ్మం దాకా జనం, గ్లాసు పట్టుకోవడానికి మోచెయ్యి వంచే చోటుండదు. ఆ రోజు గుట్టల వైపు, ఔదె క్వారెమొంట్ దగ్గరికి వెళ్లండి. మగవాళ్లు ఆ గుట్టను మూడుసార్లు ఎక్కుతారు, కాబట్టి నిలబడ్డచోటే మూడుసార్లు చూడొచ్చు. కెఫెకి రావాల్సింది తర్వాతి ఆదివారం, రూబే రోజు. రేసు ఫ్రాన్స్‌లో, జనం ఇక్కడ, టీవీ ఒకటి, గొంతులు ముప్ఫై. అదీ మజా.

2025 రూబే ఏప్రిల్ 13న జరిగింది. దానికి వారం ముందు రొండెలో పొగాచర్ చివరిసారి క్వారెమొంట్ ఎక్కుతూ అందరినీ విదిలించేసి ఒంటరిగా వచ్చి గెలిచాడు. మధ్యలో ఒకసారి కిందపడ్డ వాన్ డెర్ పూల్ చివరికి మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు. కాబట్టి రూబే రోజు కెఫెలో ప్రశ్న ఒక్కటే. కొండల మనిషి, టూర్ గెలిచేవాడు, పెద్దవాళ్ల రూబే రేసులో మొట్టమొదటిసారి దిగుతున్నాడు. నిలుస్తాడా?

ఒక బల్ల దగ్గర నెదర్లాండ్స్ నుంచి కారేసుకుని వచ్చిన భార్యాభర్తలు, ఇద్దరూ వాన్ డెర్ పూల్ జట్టు జెర్సీల్లో. వాళ్ల వెనక బల్లలో ఇరవై ఏళ్ల కుర్రాడు, పొగాచర్ జట్టు టోపీ తిరగేసి పెట్టుకుని. ఇద్దరి మధ్యా సంభాషణ వీపులానించుకునే నడిచింది.

"మావాడు మీ గుట్టల మీదికొచ్చి గెలిచి పోయాడు. మీవాడు మా కొండల మీదికి ఎప్పుడొస్తాడు?" అన్నాడు కుర్రాడు.

"వచ్చాడుగా. 2024 లియేజ్‌లో మూడో స్థానం," అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండానే.

"ఎంతసేపటి తర్వాత వచ్చాడేం?"

ఆవిడ బదులు చెప్పలేదు, ఎందుకంటే ఆ రోజు తేడా నిమిషాల్లో ఉంది. ఆవిడ భర్త కలగజేసుకుని, "ఈ పూట సాయంత్రం అడుగు బాబూ ఆ ప్రశ్న" అన్నాడు.

ఆ ఏడాది రూబే రేసు 259 కిలోమీటర్లు, అందులో 50 కిలోమీటర్లకు పైగా పాతకాలపు రాళ్లబాట. ఆ రాళ్లు మన ఊరి చప్టా లాంటివి అనుకోకండి. పొలాల మధ్య ట్రాక్టర్లు తిరిగే దారులవి, రాయికీ రాయికీ మధ్య వేలు దూరుతుంది. అలాంటి చోట బరువు తక్కువగా ఉండటం గొప్పేమీ కాదు. వాన్ డెర్ పూల్ సుమారు 75 కిలోలు, పొగాచర్ సుమారు 66. నిటారు గుట్ట మీద ఆ తొమ్మిది కిలోలు వాన్ డెర్ పూల్‌కి బరువు, చదునైన రాళ్లబాట మీద అవే అతనికి బలం, ఎందుకంటే తేలికైన మనిషిని రాళ్లు ఎగరేస్తాయి. దానికి తోడు చిన్నప్పట్నుంచీ బురదలో సైకిల్ జారించి ఆడుకున్నవాడు. వెనక చక్రం పక్కకు జారితే మిగతావాళ్లు బ్రేక్ మీద చెయ్యి వేస్తారు, ఇతను వెయ్యడు. ఇదంతా పెద్దాయన చెప్పిందే, నేను మధ్యలో రెండు ముక్కలు చేర్చాను.

పోటీ చివరికి ఇద్దరి మధ్యకే వచ్చింది. కెఫెలో జనం లేచి నిలబడ్డారు, స్తంభం వెనకవాళ్లు వచ్చి మా బల్ల మీదికి వంగారు. ఇంకా 38 కిలోమీటర్లు ఉన్నాయనగా ఒక మలుపు దగ్గర పొగాచర్ వేగం తగ్గించుకోలేక నేరుగా వెళ్లి కంచెకు గుద్దుకుని పడ్డాడు. కుర్రాడు టోపీ తీసేసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను అనుకున్నది వాన్ డెర్ పూల్ జెర్సీలవాళ్లు కేకలు పెడతారని. పెట్టలేదు. "అయ్యో, ఇలా కాదు" అంది ఆవిడ. పెద్దాయన మాత్రం పెన్సిల్ అందుకోలేదు. పొగాచర్ లేచాడు, చైన్ సరిచేసుకున్నాడు, మళ్లీ ఎక్కాడు. అట్ట మీద అతని పేరు పక్కన చిన్న చుక్క పెట్టారంతే. తేడా ఇరవై సెకన్ల దగ్గర కాసేపు ఊగిసలాడింది. ఆ కాసేపూ కెఫెలో ఎవరూ బీరు అడగలేదు.

తర్వాత ఒకచోట దారి పక్కన నిలబడ్డవాడెవడో నిండు నీళ్ల సీసా విసిరితే వాన్ డెర్ పూల్ మొహానికి తగిలింది. అంతకు ముందేడు ఇదే రేసులో ఎవరో అతని చక్రాల మీదికి టోపీ విసిరారు. సీసా తగిలినప్పుడు కెఫెలో వచ్చిన తిట్లు ఇక్కడ రాయలేను, అన్నిటికంటే ఘాటైన తిట్టు వాన్ ఆర్ట్ వీరాభిమాని నోట వచ్చింది. ఇతను గెలవకూడదని కోరుకోవడం వేరు, ఇతన్ని కొట్టడం వేరు. ఆ గీత ఇక్కడ చాలా స్పష్టంగా ఉంది. చివర్లో ఒక పంక్చర్ కూడా అయ్యింది, సైకిల్ మార్చుకున్నాడు, అయినా తేడా తరగలేదు. రేసు ముగిసే వెలోడ్రోమ్‌లోకి, అంటే సైకిల్ ట్రాక్ స్టేడియంలోకి, ఒక్కడే వచ్చాడు. ఒక నిమిషం 18 సెకన్ల తర్వాత పొగాచర్, ఆ తర్వాత మాడ్స్ పీడర్సన్, నాలుగో స్థానంలో మన వాన్ ఆర్ట్. "మన" అని రాసేశాను. కొన్నాళ్లు అక్కడ కూర్చుంటే అంతే మరి.

వరసగా మూడు రూబేలు అంతకు ముందు గెలిచినవాళ్లు ఇద్దరే: 1909 నుంచి 1911 దాకా ఒక్తావ్ లాపీజ్, 1978 నుంచి 1980 దాకా ఫ్రాన్చెస్కో మోజెర్. ఈ ముక్క టీవీలో చెప్పకముందే కౌంటర్ దగ్గర నలుగురు ఒకేసారి అన్నారు.

అసలు చర్చ టీవీ కట్టేశాక మొదలవుతుంది, అందుకే రేసు అయిపోగానే లేచి రైలు కోసం పరుగెత్తకండి. ఒక్కడే గెలుస్తూ పోతే ఆట చచ్చిపోతుందని కొందరి బాధ. హైదరాబాద్‌లో మా నాన్నదీ అదే మాట. వీడియో కాల్‌లో ప్రతి ఏప్రిల్‌లోనూ అడుగుతారు: "గెలిచేవాడెవడో ముందే తెలిస్తే చూడటమెందుకమ్మా?" ఆ ప్రశ్న నేను కెఫెలో పెట్టాను. పెద్దాయన 1969 గురించి చెప్పారు. ఆ ఏడాది రొండెలో బెల్జియం రైడర్ ఎడ్డీ మెర్క్స్ గమ్యం ఇంకా 70 కిలోమీటర్లు ఉందనగా ఒంటరిగా దూకి, రెండోవాడికంటే అయిదు నిమిషాలకు పైగా ముందు వచ్చాడు. అదే ఏడాది సాన్ రెమో, లియేజ్, టూర్ కూడా అతనివే. "అప్పుడూ ఈ కెఫెలో ఇదే ఏడుపు. ఇతనొక్కడే తింటాడు, మిగతావాళ్లకు మెతుకు మిగల్చడు అని. మా నాన్న అయితే రేడియో కట్టేసేవాడు. ఇప్పుడు అదే జనం అవి స్వర్ణయుగపు రోజులంటారు." మెర్క్స్‌కి నరభక్షకుడని పేరు ఊరికే రాలేదు. మొత్తం 19 మాన్యుమెంట్లు. 2025 సీజన్ ముగిసేసరికి పొగాచర్‌వి 10, వాన్ డెర్ పూల్‌వి 8.

నాకు మాత్రం నాన్న ప్రశ్నలోనే తిరకాసు ఉందనిపిస్తుంది. గెలిచేవాడు ముందే తెలియడు. 2022 రొండెలో గుట్టల మీద అందరికంటే బలంగా కనిపించింది పొగాచర్. అతనూ వాన్ డెర్ పూలూ ఇద్దరే ఫినిష్ దాకా వచ్చి, ఆఖరి వందల మీటర్లలో నువ్వు మొదలుపెట్టంటే నువ్వు మొదలుపెట్టని ఒకరినొకరు చూసుకుంటూ నెమ్మదించారు. వెనకనుంచి ఇద్దరొచ్చి మధ్యలో దూరారు. వాన్ డెర్ పూల్ గెలిచాడు, పొగాచర్ నాలుగు. పోడియం కూడా లేదు. అంతకు ముందేడు, 2021లో, ఇదే వాన్ డెర్ పూల్ ఇదే ఊళ్లో స్ప్రింట్‌లో డెన్మార్క్ రైడర్ కాస్పర్ ఆస్‌గ్రీన్ చేతిలో ఓడాడు, స్ప్రింట్‌లో తనకు తిరుగులేదని అందరూ అనుకున్న రోజున. 2025 మార్చిలో సాన్ రెమోలో పొగాచర్ చిప్రెస్సా గుట్ట మీద నుంచే దాడి మొదలుపెట్టి ఎన్నిసార్లు లాగినా వాన్ డెర్ పూల్ వదల్లేదు. చివరికి ముగ్గురి స్ప్రింట్‌లో వాన్ డెర్ పూల్ మొదటి స్థానం, ఇటలీ రైడర్ గాన్నా రెండు, పొగాచర్ మూడు. ముందున్నవాడి వెనక గాలి చాటున నక్కి బలం దాచుకునే వీలున్నంతకాలం ఈ ఆటలో బలవంతుడే గెలవాలని లేదు. ఈ ఇద్దరి గొప్పతనమల్లా రేసు ఎక్కడ మొదలవ్వాలో వాళ్లే నిర్ణయించడం. ఎక్కడ ముగియాలో వాళ్ల చేతిలో లేదు, మేం చూసేది అందుకే.

మగవాళ్ల గురించే ఇంతసేపు మాట్లాడినందుకు యజమానురాలు ఊరుకోలేదు. గ్లాసులు తుడుస్తూ, "ఫ్లాండర్స్‌కి రొండె రాలేదని ఏడుస్తారేంటి, వారం కిందటేగా లొట్టె గెలిచింది" అంది. నిజమే. లొట్టె కొపెకీ, ఫ్లెమిష్ అమ్మాయి, 2025లో ప్రపంచ చాంపియన్ జెర్సీలో మహిళల రొండె గెలిచింది. 2022, 2023 తర్వాత మూడోసారి. మహిళల్లో మూడుసార్లు గెలిచింది ఆమె ఒక్కతే. ఆ మాట తర్వాత కౌంటర్ దగ్గర కాసేపు అందరూ తమ తమ గ్లాసుల్లోకి చూసుకున్నారు. కౌంటర్ వెనక మధ్యలో, అందరికీ కనపడేలా ఉన్న రంగుల ఫొటో కొపెకీదే. నేను వెళ్లిన మొదట్లో అది యజమానురాలి కూతురి ఫొటో అనుకునే అవకాశం ఉందని మా కొలీగ్ ముందే హెచ్చరించాడు, అంత ప్రేమగా తుడుస్తుంది.

తిండి విషయానికొస్తే, మనవాళ్లకు రెండు జాగ్రత్తలు. ఒకటి, ఇక్కడి స్పెషల్ స్టూఫ్‌లేస్, బీరులో గంటల తరబడి ఉడికించిన కూర. అది గొడ్డు మాంసం. తినేవాళ్లు బ్రహ్మాండం అంటారు. రెండు, ఇది చాలామందికి తెలియదు: బెల్జియంలో ఫ్రైస్ పాత పద్ధతిలో గొడ్డు కొవ్వులో వేయిస్తారు. అన్నిచోట్లా కాదు, కానీ చాలా చోట్ల. శాకాహారులూ, గొడ్డు మాంసం తిననివాళ్లూ ముందే అడగండి. ఈ కెఫెలో అడిగితే దాపరికం లేకుండా చెప్పింది, కొవ్వేనని. చీజ్ క్రోకెట్లు మాత్రం వేరే మూకుట్లో, నూనెలో. బయట కరకర, లోపల చీజ్ లావాలా ఉంటుంది, ఆవురావురుమని కొరికారో నాలుక కాలుతుంది. రెండు క్రోకెట్లు, కాస్త సలాడ్, బ్రెడ్డు కలిపి 15 యూరోలు. కారం ఉండదు. నేను బ్యాగులో చిన్న సీసాలో కందిపొడి పట్టుకెళ్తాను. ఒకసారి పెద్దాయన చల్లుకుని చూసి, ఇది క్రోకెట్‌కి పుట్టిందే అన్నారు. అప్పట్నుంచి నా సీసా తొందరగా ఖాళీ అవుతోంది.

బీరు తాగేవాళ్లకు ఆ గుట్ట పేరు మీదే క్వారెమొంట్ అని ఒక బీరు ఉంది, 6.6 శాతం. రెండు తాగితే గుట్ట ఎక్కిన ఆయాసం కూర్చున్నచోటే వస్తుందని వాళ్ల జోకు. నేను కాఫీ మనిషిని. కాఫీతో ఒక చిన్న బిస్కెట్ ఇస్తారు, రేసు రోజు అది కూడా ఇవ్వరు.

లోపాలు దాచను. రేసు రోజు సర్వీస్ ఘోరం. ఒక్కావిడే ఆర్డర్ తీసుకుంటుంది, ఆవిడే గ్లాసులు నింపుతుంది, ఆవిడే టీవీ చూస్తుంది. చివరి 20 కిలోమీటర్లు మిగిలాయనగా మూకుడు కట్టేస్తుంది, ఆర్డర్ ఇచ్చినవాళ్లు గోడు వెళ్లబోసుకున్నా వినదు. మా బల్లకు రావాల్సిన క్రోకెట్లు 2025 రూబే రోజు పోడియం మీద రాయి ఎత్తాక వచ్చాయి. ఇక్కడ చెప్పాలి, రూబే గెలిచినవాడికి ట్రోఫీగా ఇచ్చేది నిజమైన ఒక రాయి, ఆ దారి రాయే. టాయిలెట్‌కి 50 సెంట్ల నాణెం కావాలి, కెఫెలో తిన్నవాళ్లకైనా సరే. అక్కడికి మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లేటట్టయితే ఆలోచించుకోండి. క్రెడిట్ కార్డు నడవదు, బ్యాంక్ కార్డు నడుస్తుంది. పిల్లల కుర్చీలు లేవు. వెనక గదిలో బిలియర్డ్స్ బల్ల ఉంది, దాని మీద కోట్లు పడేస్తారు తప్ప ఎవరూ ఆడగా చూడలేదు.

భాష రాకపోతే ఇబ్బందా? కాదు. ఇంగ్లిష్ అందరికీ అంతో ఇంతో వస్తుంది. కాకపోతే వాదన వేడెక్కితే ఫ్లెమిష్‌లోకి జారిపోతారు. అప్పుడు పెద్దాయన అట్ట చూడండి, ఏం జరుగుతోందో అర్థమవుతుంది. ఏ జెర్సీ వేసుకుని వెళ్లాలా అని టెన్షన్ పడొద్దు. వాన్ డెర్ పూల్ జెర్సీతో వెళ్లినా ఎవరూ ఏమీ అనరు, కాస్త ఎక్కువ ప్రశ్నలు వేస్తారు. ఏ జెర్సీ లేకుండా వెళ్తే ఎవరి వైపని అడుగుతారు. "ఎవరి వైపూ కాదు" అనే జవాబు మాత్రం ఇక్కడ చెల్లదు, ఎవరో ఒకరి పేరు చెప్పాల్సిందే.

ఇండియా నుంచి చూసేవాళ్లు ఈ కెఫెకి రాలేరు గానీ, రేసులు ఇక్కడ సాయంత్రం నాలుగున్నర, అయిదు మధ్య ముగుస్తాయి, అంటే మనకు రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నర. ఆదివారం భోజనాల వేళ. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశాక మా తమ్ముడికి సైకిల్ పిచ్చి పట్టింది. రూబే రోజు వాడు అక్కడ టీవీ ముందు, నేను ఇక్కడ స్తంభం పక్కన, మెసేజ్‌లు నడుస్తూనే ఉంటాయి. వాడు పొగాచర్ వైపు. ఆ కుర్రాడి ఫోటో తీసి పంపితే "అన్నకు నా నమస్కారం చెప్పక్కా" అన్నాడు. చెప్పాను. కుర్రాడు తన టోపీ తీసి ఊపాడు.

రూబే రోజు వెళ్లాలనుకుంటే పన్నెండింటికల్లా చేరండి, ఒంటిగంట దాటితే కుర్చీ దొరకదు. ఫోన్‌లో బల్ల రిజర్వ్ చేయరు. క్రోకెట్లు రెండింటిలోపే ఆర్డర్ ఇచ్చేయండి. 50 సెంట్ల నాణేలు దగ్గర పెట్టుకోండి. అయిదుకి నాలుగు స్టార్లు. స్తంభం లేకపోతే అయిదూ ఇచ్చేదాన్ని. కాఫీ మెషీన్ పక్క కుర్చీ ఖాళీగా కనిపించినా కూర్చోకండి, ఆయన సిగరెట్ కోసం బయటికి వెళ్లుంటారు.